ఎడిట్ చేసిన ఫొటోలు టీవీలో తెరుచుకోవడం లేదు, ఒరిజినల్స్ మాత్రం బాగానే వస్తున్నాయి

పాతఅల్బమ్
మూడు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఇంట్లో పాత అల్బమ్‌లో ఉన్న 217 ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మూడు తప్ప అన్నీ ఆరు బై నాలుగు అంగుళాల ప్రింట్లు, నేనే స్కాన్ చేశాను. మరకలు, గీతలు, ముడతలు ఒక్కొక్కటే ఎడిటర్‌లో శుభ్రం చేసి, జేపెగ్‌గా సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టాను. లిస్టులో అన్నిటికీ చిన్న బొమ్మలు కనిపిస్తున్నాయి. ఓకే నొక్కితే నల్లటి తెర, మధ్యలో "ఈ ఫైల్‌కు సపోర్ట్ లేదు" అని ఒక ముక్క. అంతే.

నేను చేసిన స్కాన్లు, ఎడిట్ చేయనివి, అదే పెన్‌డ్రైవ్‌లోంచి చక్కగా వస్తున్నాయి. కంప్యూటర్‌లో, ఫోన్‌లో అయితే రెండు రకాలూ తెరుచుకుంటున్నాయి. ఇంకో వింత ఏమిటంటే, ఎడిట్ చేసినవాటిలో 11 మాత్రం టీవీలో వస్తున్నాయి. అదే ఎడిటర్, అదే సేవ్ సెట్టింగ్.

ఇదంతా మా నాయనమ్మ కోసం. ఆవిడకు చూపు బాగా తగ్గింది, ఫోన్‌లో ముఖాలు ఆనవు. టీవీకి దగ్గరగా కుర్చీ వేసి కూర్చోబెడితే గుర్తుపడుతుంది. రోజూ సాయంత్రం "వచ్చాయా?" అని అడుగుతోంది.

వెలుగునీడ
పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉంది? ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే కొన్ని టీవీలు చదవవు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించండి.

సైలెంట్‌రీడర్
@వెలుగునీడ ఒరిజినల్స్ అదే పెన్‌డ్రైవ్‌లోంచి వస్తున్నాయని రాశారుగా. డ్రైవ్ తప్పు కాదు.

వెలుగునీడ
నిజమే, ఆ లైను చూసుకోలేదు. కానీ ఫార్మాట్ సంగతి మిగతావాళ్లకు పనికొస్తుంది, పోస్టు ఉంచేస్తున్నాను.

పిక్సెల్‌పిల్ల
ఫైల్ మరీ పెద్దదేమో? ఎడిట్ చేశాక సైజు పెరుగుతుంది కదా.

పాతఅల్బమ్
తిరగబడింది ఇక్కడ. స్కాన్ ఒక్కోటి 4 ఎంబీ పైన ఉంది, ఎడిట్ చేసింది 3 ఎంబీ లోపే. పెద్దది వస్తోంది, చిన్నది రావడం లేదు.

రీలుడబ్బా
ఫైల్ పేరులో తెలుగు అక్షరాలు పెట్టారా? మా ఇంట్లో డిజిటల్ ఫొటో ఫ్రేమ్ ఒకటి ఉండేది. కెమెరాలోంచి వచ్చిన ఎనిమిది అక్షరాల పేరు అలాగే ఉంచితే చూపించేది, "అమ్మ పుట్టినరోజు" అని మారిస్తే మొండికేసేది. కెమెరాలన్నీ డీసీఎఫ్ అని ఒక నియమం పాటిస్తాయి. పేరు ఎనిమిది అక్షరాలు, డీసీఐఎం అనే ఫోల్డర్, అలా. పాత పరికరాలు కొన్ని దాన్నే పట్టుకుని ఉంటాయి.

పాతఅల్బమ్
పేర్లన్నీ అంకెలే, 001 నుంచి 217 దాకా. అయినా ఒకటి స్కానర్ ఇచ్చిన పేరుకే మార్చి, డీసీఐఎం ఫోల్డర్ చేసి అందులో పెట్టి చూశాను. అదే నల్ల తెర.

లెన్స్‌బాబాయ్
మీరు రాసింది చదవగానే నాకు ఒకటే అనుమానం. మీ ఎడిటర్ ప్రోగ్రెసివ్ జేపెగ్ రాస్తోంది.

కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలియక చాలామంది టీవీనే మార్చేస్తున్నారు. జేపెగ్ అంటే ఒకటే అనుకుంటాం గానీ ఫైల్ రాయడానికి ఎక్కువగా వాడే పద్ధతులు రెండున్నాయి. 1992 నాటి ప్రమాణంలోనే రెండూ ఉన్నాయి. బేస్‌లైన్ పద్ధతిలో బొమ్మను 8×8 పిక్సెళ్ల గడులుగా కోసి, పై నుంచి కిందికి ఒక్కో గడినీ పూర్తిగా రాసుకుంటూ పోతారు. ప్రోగ్రెసివ్‌లో మొత్తం బొమ్మను ముందు మోటుగా ఒకసారి రాస్తారు, తర్వాత వివరం పెంచుతూ మళ్లీ, మళ్లీ. గోడకు రంగు వేసేటప్పుడు ఒక మూల నుంచి పూర్తి చేసుకుంటూ రావడం ఒక పద్ధతి, గోడంతా ఒక కోటింగ్ వేసి దాని మీద ఇంకోటి వేయడం ఇంకో పద్ధతి. ఇదీ అంతే. నెట్ నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఫొటో ముందు మసకగా వచ్చి తర్వాత తేటపడేది గుర్తుందా? అది ప్రోగ్రెసివే.

ఇప్పుడు టీవీ సంగతి. బేస్‌లైన్ ఫైల్ చదవాలంటే ఒకసారికి 8 లేదా 16 వరసలు చేతిలో ఉంటే చాలు, అవి చూపించేసి తర్వాతి వరసలకు పోవచ్చు. ప్రోగ్రెసివ్‌కు అలా కుదరదు. చివరి విడత వచ్చేదాకా బొమ్మ మొత్తానికి సంబంధించిన లెక్కలన్నీ మెమరీలో పట్టుకుని కూర్చోవాలి. 6000×4000 ఫొటో అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. రంగు వివరం తగ్గించి దాచిన మామూలు జేపెగ్‌కు కూడా పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున వేసుకుంటే 72 ఎంబీ దానికే పోతుంది. కంప్యూటర్‌కు అది లెక్క కాదు. టీవీలో జేపెగ్ విప్పే పని చాలావరకు ఒక చిన్న సర్క్యూట్‌కు అప్పజెప్పి ఉంటుంది. దానికి కెమెరా ఫొటోలు తెలుసు, కెమెరాలు బేస్‌లైనే రాస్తాయి. మీ స్కానర్ కూడా బేస్‌లైన్ రాసి ఉంటుంది, అందుకే ఒరిజినల్స్ వస్తున్నాయి.

ఎడిటర్‌లో సేవ్ చేసేటప్పుడు వచ్చే విండోలో "ప్రోగ్రెసివ్" అని టిక్ ఉందేమో చూడండి. తీసేసి ఒక్క ఫొటో సేవ్ చేసి పెట్టండి. ఒరిజినల్ మీద మాత్రం సేవ్ చేయకండి, దణ్ణం పెడతాను.

నిద్రపట్టనివాడు
బాబాయ్ గారూ, చెప్పింది బాగుంది కానీ లెక్క కుదరడం లేదు. అదే సెట్టింగ్‌తో సేవ్ చేసిన 11 ఫొటోలు ఎలా వస్తున్నాయి మరి? ప్రోగ్రెసివ్ చదవలేని టీవీ అయితే అవీ రాకూడదు కదా.

పిక్సెల్‌పిల్ల
ఇదే నేనూ అడగబోయాను. నాకు ఎక్సిఫ్ డేటా మీద, అంటే ఫొటో ఫైల్‌లోనే దాగి ఉండే తేదీ, కెమెరా లాంటి సమాచారం మీద అనుమానం. ఎడిటర్ దాన్ని చెరిపేసినా, పాడుచేసినా కొన్ని టీవీలు ఒప్పుకోవని ఎక్కడో చదివాను.

లెన్స్‌బాబాయ్
@నిద్రపట్టనివాడు సరైన ప్రశ్న. ఆ 11 ఎందుకు వస్తున్నాయో తేలేదాకా నేను చెప్పింది రుజువైనట్టు కాదు. @పాతఅల్బమ్ ఆ 11 ఫొటోల పొడవు వెడల్పులు ఎంతో చెప్పండి, పిక్సెళ్లలో. రానివాటివి కూడా.

పాతఅల్బమ్
వచ్చేవి అన్నీ 1800×1200. రానివి 3600×2400. ఇప్పుడు గుర్తొచ్చింది, మొదటి రోజు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 11 స్కాన్ చేశాను. ముఖాలు చాలినంత తేటగా లేవని మర్నాటి నుంచి 600కు మార్చాను.

నిద్రపట్టనివాడు
అయితే సైజే! పిక్సెల్‌పిల్ల మొదట్లోనే చెప్పింది.

సైలెంట్‌రీడర్
కానీ ఎడిట్ చేయని స్కాన్లు కూడా 3600×2400 కదా? అవి వస్తున్నాయి. సైజు ఒక్కటే అయితే అవి ఆగిపోవాలి. ప్రోగ్రెసివ్ ఒక్కటే అయితే ఆ 11 ఆగిపోవాలి. రెండూ కలిస్తేనే ఆగుతోంది.

మాన్యువల్‌మామయ్య
ఇక్కడికి వచ్చినందుకు నాకు మంచి పని దొరికింది. నేను ఏ వస్తువు కొన్నా మాన్యువల్ చివరి పేజీ దాకా చదువుతాను, ఇంట్లో అందరూ నవ్వుతారు. మా టీవీ మాన్యువల్‌లో ఏ ఫైళ్లు చూపిస్తుందో ఒక పట్టిక ఉంది. ఇప్పుడే తీసి చూశాను. జేపెగ్‌కు రెండు వరసలు రాశారు. బేస్‌లైన్ అయితే 15360×8640 దాకా. ప్రోగ్రెసివ్ అయితే 1920×1440 దాకా మాత్రమే. అంటే ప్రోగ్రెసివ్ చదువుతుంది, చిన్నదైతేనే. 1800×1200 ఆ హద్దులో పడుతుంది. 3600×2400 పడదు.

అన్ని టీవీలకూ ఇవే అంకెలు ఉండవు, మీ మాన్యువల్‌లో మీ అంకె చూసుకోండి. కొన్నిటిలో ప్రోగ్రెసివ్ ఊసే ఉండదు.

లెన్స్‌బాబాయ్
మామయ్యా, నీకు వెయ్యి దండాలు. ముడి విడిపోయింది.

పిక్సెల్‌పిల్ల
ఇంట్లో నవ్వినవాళ్లకు ఈ చర్చ చూపించండి మామయ్యా :)

పాతఅల్బమ్
ఇప్పుడే పరీక్ష పెట్టాను. ఒకే ఫొటోకు నాలుగు కాపీలు చేశాను. పెద్దది ప్రోగ్రెసివ్, పెద్దది బేస్‌లైన్, చిన్నది ప్రోగ్రెసివ్, చిన్నది బేస్‌లైన్. మొదటిది ఒక్కటే నల్ల తెర, మిగతా మూడూ వచ్చాయి. పిక్సెల్‌పిల్ల చెప్పింది కూడా వదలకుండా, ఎక్సిఫ్ మొత్తం తీసేసిన బేస్‌లైన్ కాపీ ఇంకోటి పెట్టాను. అదీ వచ్చింది. ఎడిటర్‌లో "అడ్వాన్స్‌డ్" అని నొక్కితేనే కనిపించే చోట ప్రోగ్రెసివ్‌కు ముందే టిక్ పెట్టి ఉంది. నేను ఆ మూత ఎప్పుడూ తెరవలేదు.

కానీ ఇప్పుడు 200 పైచిలుకు ఫొటోలు మళ్లీ తెరిచి మళ్లీ సేవ్ చేయాలా? సేవ్ చేసిన ప్రతిసారీ జేపెగ్ నాణ్యత తగ్గుతుందంటారు కదా, ఆ భయం ఒకటి.

వెలుగునీడ
ఇంత కష్టం ఎందుకు? ఫోన్‌లోంచి టీవీకి కాస్ట్ చేయండి, లేదా ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో కలపండి. అప్పుడు ఫైల్ విప్పేది ల్యాప్‌టాప్, టీవీ పని బొమ్మ చూపించడమే. ఏ జేపెగ్ అయినా వస్తుంది.

పాతఅల్బమ్
నేను ఇంట్లో ఉన్నప్పుడు అది సరే. పగలంతా ఆవిడ ఒక్కతే ఉంటుంది. రిమోట్‌లో మూడు బటన్లు నేర్చుకుంది, పెన్‌డ్రైవ్ టీవీకే ఉండిపోవాలి.

చిలకపలుకు
నేను చేసే పని చెబుతాను. టీవీలో రాని ఫొటోను చాట్ యాప్‌లో నాకు నేనే పంపుకుంటాను, తిరిగి డౌన్‌లోడ్ చేసి పెడతాను. ప్రతిసారీ వస్తుంది. ఎందుకో ఇన్నాళ్లూ తెలియదు.

లెన్స్‌బాబాయ్
@చిలకపలుకు ఎందుకంటే ఆ యాప్ ఫొటోను కుదించి పంపుతుంది. కుదిస్తే మామయ్య చెప్పిన హద్దు లోపలికి వచ్చేస్తుంది. కానీ పాత ప్రింట్లకు మాత్రం ఆ పని చేయకండమ్మా. 600 డీపీఐలో తీసుకున్న వివరమంతా పోతుంది, తీసిన తేదీ లాంటి సమాచారం కూడా చాలాసార్లు ఎగిరిపోతుంది.

@పాతఅల్బమ్ మళ్లీ సేవ్ చేయనక్కర్లేదు. జేపెగ్‌ట్రాన్ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది ఫొటోను విప్పి మళ్లీ కుదించదు. ఫైల్ లోపల ఉన్న అవే అంకెలను వరస మార్చి రాస్తుంది. ప్రోగ్రెసివ్‌ను బేస్‌లైన్ చేస్తే ఒక్క పిక్సెల్ కూడా మారదు. ఫైల్ మాత్రం కొంచెం పెరగవచ్చు. ప్రోగ్రెసివ్ కావాలని మనం అడగకపోతే అది బేస్‌లైనే రాస్తుంది. ఎక్సిఫ్ పోకుండా ఉండాలంటే "కాపీ ఆల్" అనే ఆప్షన్ ఇవ్వాలి. ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి నడపవచ్చు.

నిద్రపట్టనివాడు
కమాండ్లు రాయడం అలవాటు లేనివాళ్లకు ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ తేలిక, ఫోల్డర్‌ను లాగి వదిలితే చాలు. అయితే అది మళ్లీ కుదిస్తుంది, క్వాలిటీ 95 దాకా పెట్టుకోండి. చూపించడానికి ధారాళంగా సరిపోతుంది.

లెన్స్‌బాబాయ్
చూపించడానికి సరిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రింట్లు ఇంకో ఇరవై ఏళ్లకు ఎలా ఉంటాయో తెలియదు. దాచుకునే కాపీకి నష్టం లేని దారి ఉన్నప్పుడు అదే పట్టుకోవాలి. ఇందులో నేను తగ్గను.

రీలుడబ్బా
ఒక ఫైల్ ప్రోగ్రెసివా కాదా అని ముందే తెలుసుకునే మార్గం ఉందా? ప్రతిదీ టీవీ దగ్గరికి మోయలేను.

సైలెంట్‌రీడర్
ఫైల్ లోపలి సమాచారం చూపించే ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో చూడండి. "ఎన్‌కోడింగ్ ప్రాసెస్" అనే వరసలో బేస్‌లైన్ డీసీటీ అనో, ప్రోగ్రెసివ్ డీసీటీ అనో స్పష్టంగా ఉంటుంది. దాని దగ్గర్లోనే "కలర్ కాంపొనెంట్స్" అని ఒక అంకె ఉంటుంది, అదీ చూడండి.

కిటికీదగ్గర
నాది వేరే గోల. మ్యాక్‌లోంచి పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తే టీవీలో ప్రతి ఫొటో రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి వస్తుంది, ఒకటి తెరుచుకోదు. సగం ఫొటోలు పాడయ్యాయని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను.

సైలెంట్‌రీడర్
@కిటికీదగ్గర ఏదీ పాడవలేదు. మ్యాక్ తన సొంత సమాచారం దాచుకోవడానికి అదే పేరుతో, ముందు చుక్క, అండర్‌స్కోర్ పెట్టి ఒక చిన్న ఫైల్ రాస్తుంది. చివర జేపీజీ అని ఉంటుంది కాబట్టి టీవీ దాన్ని ఫొటో అనుకుంటుంది. మ్యాక్‌లో అవి కనబడవు, వేరే కంప్యూటర్‌లో పెట్టి కొన్ని కేబీలే ఉన్న ఆ ఫైళ్లను తీసేయండి.

కిటికీదగ్గర
ప్రాణం లేచొచ్చింది.

చిలకపలుకు
ఇంకో సందేహం. లిస్టులో చిన్న బొమ్మ వస్తుంది, తెరిస్తే రాదు అన్నారు కదా. చిన్న బొమ్మ ఎలా వస్తోంది మరి?

లెన్స్‌బాబాయ్
అది వేరే బొమ్మ. ఎక్సిఫ్‌లో 160×120 పిక్సెళ్ల చిన్న జేపెగ్ ఒకటి విడిగా దాగి ఉంటుంది. టీవీ లిస్టు కోసం దాన్నే తీస్తుంది. అది కనిపిస్తోందంటే పెద్ద బొమ్మను చదవగలిగిందని కాదు.

రీలుడబ్బా
అందుకేనా! ఒకసారి గ్రూప్ ఫొటోలో ఒక పక్కన ఉన్నవాళ్లను కత్తిరించి సేవ్ చేశాను. టీవీ లిస్టులో వాళ్లు నవ్వుతూ కనిపించారు, తెరిస్తే లేరు. దయ్యం అనుకున్నాడు మా అబ్బాయి.

లెన్స్‌బాబాయ్
ఎడిటర్ ఆ చిన్న బొమ్మను కొత్తగా రాయకపోతే అలాగే జరుగుతుంది. ఎవరికైనా పంపేముందు ఇది గుర్తుంచుకోవాలి. కత్తిరించామనుకున్నది లోపల ఉండిపోతుంది.

వెలుగునీడ
నా ఫోన్ ఫొటోలు జేపెగ్‌లో కాదు, హెచ్‌ఈఐసీ అనే వేరే ఫార్మాట్‌లో ఉంటాయి, పేరు చివర జేపీజీ అని మార్చి పెట్టినా టీవీ ఒప్పుకోలేదు.

పిక్సెల్‌పిల్ల
పేరు మారిస్తే లోపలిది మారదు కదా. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్ దగ్గర "మోస్ట్ కంపాటిబుల్" పెడితే ఇకమీదట తీసేవి జేపెగ్‌లో వస్తాయి. పాతవాటిని ఎడిటర్‌లో తెరిచి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి.

పాతఅల్బమ్
జేపెగ్‌ట్రాన్ నడిపాను. ముందు 5 మీద, తర్వాత అన్నిటి మీద. వేరే ఫోల్డర్‌లోకి రాయించాను, బాబాయ్ గారి దణ్ణం గుర్తుంది. 217లో 214 టీవీలో వస్తున్నాయి.

మూడు మొరాయిస్తున్నాయి. ఆ మూడే ముఖ్యమైనవి. పెద్ద ప్రింట్లు, నా స్కానర్‌లో పట్టక ఒక స్టూడియోలో స్కాన్ చేయించాను. ఒకటి మా నాయనమ్మ మెట్ల మీద కూర్చుని ఉన్నది, పదహారేళ్ల వయసులో. కుడి చెంప మీదుగా గడ్డం దాకా ముడత ఉండేది. చెంప పక్కనే జడ లోంచి జారిన వెంట్రుకలు, ముడత చెరిపితే అవీ చెరిగిపోతున్నాయి. ఒక్కో పాయ విడిగా పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. అది రాకపోతే మిగతా 214 వచ్చినా నాకు వచ్చినట్టు లేదు.

ఎక్సిఫ్‌టూల్‌లో చూశాను, బేస్‌లైన్ అనే ఉంది. కలర్ కాంపొనెంట్స్ దగ్గర మాత్రం 4 అని ఉంది, మిగతావాటికి 3.

సైలెంట్‌రీడర్
అదే కారణం. 4 అంటే సీఎంవైకే. ప్రింటింగ్ యంత్రం కోసం నాలుగు సిరాల లెక్కలో రాసిన ఫైల్. తెర మీద చూసేది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటితో. చాలా టీవీలు సీఎంవైకే జేపెగ్‌ను చదవవు, చదివినవాటిలో కూడా రంగులు తిరగబడి రావచ్చు. స్టూడియో వాళ్లు పెద్ద ప్రింట్ వేయడానికి సిద్ధం చేసిన ఫైలే మీకు ఇచ్చి ఉంటారు.

లెన్స్‌బాబాయ్
అవును. దీనికి జేపెగ్‌ట్రాన్ పనికిరాదు, రంగుల లెక్కే మార్చాలి. సీఎంవైకే తెలిసిన ఎడిటర్‌లో తెరిచి, రంగుల ప్రొఫైల్‌ను ఎస్‌ఆర్‌జీబీకి, అంటే తెరల కోసం వాడే మామూలు రంగుల లెక్కకు "కన్వర్ట్" చేయండి. "అసైన్" అని ఇంకోటి పక్కనే ఉంటుంది, అది నొక్కకండి. అది అంకెలను అలాగే ఉంచి పేరు మాత్రమే మారుస్తుంది, ముఖం రంగు పోతుంది. తర్వాత ఎక్కువ క్వాలిటీలో, ప్రోగ్రెసివ్ టిక్ లేకుండా కొత్త పేరుతో సేవ్ చేయండి. స్టూడియో ఫైల్ అలాగే ఉండనివ్వండి.

మాన్యువల్‌మామయ్య
వచ్చాక చెప్పండి, ఎదురుచూస్తుంటాను.

పాతఅల్బమ్
మూడూ వచ్చాయి.

నిన్న సాయంత్రం కుర్చీ వేశాను. స్లైడ్‌షో వేగం "నెమ్మది"లో పెట్టినా ఆవిడకు చాల్లేదు, ప్రతి ఫొటోకూ "ఉండు ఉండు" అంటోంది. చివరికి స్లైడ్‌షో ఆపేసి రిమోట్ చేతికిచ్చాను. మెట్ల మీది ఫొటో రాగానే లేచి తెర దగ్గరికి వెళ్లి, ముడత ఉండే చోట వేలితో తడిమి చూసింది. "ఇక్కడ గీత ఉండాలే" అంది. తర్వాత వెనక తలుపు దగ్గర మసకగా నిలబడ్డ అమ్మాయిని చూపించి పేరు చెప్పింది. ఆ అమ్మాయి ఎవరో మా నాన్నకు కూడా తెలియదు.

రీలుడబ్బా
ఆ పేర్లు రాసుకోండి, ఆలస్యం చేయకండి.

సైలెంట్‌రీడర్
కాగితం మీద కాదు, ఫైల్‌లోనే రాయండి. ఐపీటీసీ క్యాప్షన్ అని ఫొటోతో పాటే ఉండిపోయే చోటు ఉంది. ఎక్సిఫ్‌టూల్‌తో రాయవచ్చు, పిక్సెళ్ల జోలికి పోదు.

పాతఅల్బమ్
ఇవాళ 001 నుంచి మొదలుపెట్టాం. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి.